ఎండలో ఆరబోసిన సోయా విత్తనం

కమలాపురం దగ్గర మా చేనిలో మలబారు వేప చెట్ల వరసలు, వాటి మధ్య పైరు. ఏళ్ల తరబడి వేరుశనగ మీద వేరుశనగే వేసి నేల సత్తువంతా పోగొట్టుకున్నాం. వ్యవసాయ ఆఫీసు వాళ్లు పంట మార్చమంటే ఒక ఏడు కొర్ర వేసి, మరుసటి ఏడు మొదటిసారిగా సోయా వేశాం.

విత్తే ముందు బెల్లం నీళ్లలో ఒక నల్లపొడి కలిపి విత్తనానికి పట్టించి, నీడన ఆరబెట్టాలన్నారు. ఆ పొడిలో కంటికి కనపడని ప్రాణులు ఉంటాయట. వేళ్లకు బుడిపెలు కట్టించి మొక్కకు బలమిచ్చేది అవేనట. ఎండ తగిలితే చచ్చిపోతాయట. సాయంత్రానికి వాన వచ్చేట్టుంది, మా ఆయన విత్తే గొర్రు కట్టి కేకలు పెడుతున్నాడు. త్వరగా ఆరుతుందని మిరపకాయలు పోసినట్టు మిద్దె మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో పోసేశాను. చోటు చాలక ఒక చేటెడు మాత్రం వసారాలో ఉండిపోయింది. దాన్ని చివరన, చెట్ల పక్క సాలులో వేశాం.

నెల తిరిగేసరికి పైరు పసుపుబారింది.

"ఈ చెట్లే సారమంతా తింటాండాయి. రేపే కొట్టిచ్చేస్తా," అన్నాడు ఆయన.

నాకు అన్నం సహించలేదు. బిందెలతో నీళ్లు మోసి పెంచిన చెట్లు. తెల్లారి ఆయనకంటే ముందే చేనికి పోయాను. చెట్లకు దూరంగా ఉన్న మొక్క పీకితే వేరు బోడిగా ఉంది. చెట్ల పక్కనే ఉన్న చేటెడు విత్తనం సాలు మాత్రం పచ్చగా ఉంది, వేళ్ల నిండా బుడిపెలు. నోరు మూసుకుంటే చెట్లు పోతాయి, తెరిస్తే చేను పాడుచేసింది నేనేనని తేలుతుంది.

అంతలోనే రంపం మనిషితో ఆయన వచ్చాడు.

"కొట్టద్దయ్యా! చెట్లది తప్పుకాదు. విత్తనం ఎండలో పోసింది నేనే."

"ముందే చెప్తే ఈ రంపం మోసే పని తప్పేది గదక్కా," అన్నాడు రంపం మనిషి.

మా ఆయన నవ్వలేదు. "నువ్వు పోప్పా," అని అతన్ని పంపించాడు.

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. చేనిలోకి దిగి, పసుపుబారిన ఒక సాలు వెంట ఒక్కో మొక్క పీకి వేరు చూసి పక్కన పెడుతూ పోయాడు. అన్నీ బోడివే. ఆ సాలు చివరికి పోయి రెండో సాలు మొదలుపెట్టాడు.