పందెం పిట్టకు మా చెల్లెలు పెట్టిన జామపండు

యలహంకలో మా ఇంటి దాసాని పూల చెట్టులో పిగిలిపిట్ట గూడు కట్టింది. మనవరాలు దానికి పండు పెడుతుంటే నాకు ఒళ్ళు మండింది.

నా ఈడువాళ్ళకు గుర్తుండాలి. ఈ ఊళ్ళోనే పిగిలిపిట్టల నడుముకు దారం కట్టి పందేలకు పెంచేవాళ్ళం. పందేనికి ముందు రోజంతా పస్తు పెట్టాలి. ఆకలి మీదున్న పిట్టే మేత కోసం పొడిచి గెలుస్తుంది.

నా పిట్ట ఎప్పుడూ ఓడలేదు. ఒక పందెంలో మాత్రం రెక్క కూడా విప్పలేదు. ఎదుటి పిట్ట దాని కన్ను పొడిచి కొనఊపిరితో వదిలింది. ఇంటికొస్తే చెల్లెలు నాగమ్మ చెప్పింది.

"ఆకలికి అరుస్తా ఉండాదని జామపండు పెట్టినాను అన్నా."

"అయితే నువ్వే చంపినావు. పట్టుకో!"

పిట్టను ఆమె ఒళ్ళో వేశాను. ఏడేళ్ళ పిల్ల. పిట్ట ప్రాణం పోయేదాకా కదలనివ్వలేదు. తప్పు ఆమెదే, ఇప్పటికీ అదే అంటాను.

నాగమ్మ ఇప్పుడు కాడుగోడిలో ఉంటుంది. పెళ్ళిళ్ళలో అందరికీ కొసరి కొసరి వడ్డిస్తుంది, నా ఆకు మాత్రం దాటిపోతుంది. మొన్న ఒక పెళ్ళిలో ఆమె కోడలు అడిగింది.

"మామకు వేయలేదే అత్తా?"

"ఆయప్పకు ఆకలి కాదు లేమ్మా."

నాకు ఆకలిగానే ఉండింది.