తెల్లగదిలో షమీమ్ ఆపా

మొన్న అమీన్‌పూర్‌లో మా వీధి చివర ఉన్న క్లినిక్‌కు ఇంజెక్షన్ వేయించుకోవడానికి వెళ్లాను. నర్సు దూదిని స్పిరిట్‌లో ముంచి నా జబ్బ మీద తుడిచింది. ఆ చల్లదనం, ముక్కులోకి దూరే ఆ వాసన, రెండూ కలిసి నన్ను ఎక్కడికో తీసుకుపోయాయి. కళ్లు మూసుకున్నాను. "సూదంటే భయమా మేడం?" అని నర్సు నవ్వింది. కాదని తల ఊపాను. సూది ఎప్పుడు దిగిందో, ఎప్పుడు బయటికొచ్చిందో తెలియలేదు. అప్పటికే నేను పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, కిటికీ లేని ఒక తెల్లటి గదిలో, తెల్లటి బట్టల్లో మెల్లగా నడుస్తున్నాను. నా ముందు ఇంకో తెల్లటి ఆకారం నడుస్తోంది. కుడికాలు కాస్త ఈడ్చి వేసే ఆ నడక షమీమ్ ఆపాది.

ఆపాను మీరెవరూ చూసి ఉండరు. నిజం చెప్పాలంటే, ఆమెతో కలిసి పనిచేసిన మేం కూడా ఎక్కువగా చూసింది ఆమె కళ్లనే. మా కంపెనీలో ఇంజెక్షన్ మందు తయారవుతుంది. చిన్న చిన్న గాజు సీసాల్లో మందు నింపి మూత బిగించే గది ఒకటుంది. అందులో అడుగుపెట్టాలంటే తల నుంచి పాదాల దాకా తెల్లటి ముసుగు తొడుక్కోవాలి. ముక్కూ నోరూ మాస్కులో, కళ్లు గాగుల్స్‌లో, చేతులు గ్లౌజుల్లో దాచుకుని, గ్లౌజుల మీద స్పిరిట్ చల్లుకోవాలి. ఆ గదికి ఆమె సూపర్‌వైజర్. పటాన్‌చెరు పాతబజారులో గాజులమ్మే వాళ్లింటి ఆడపడుచు. మా అందరికంటే పెద్దది కాబట్టి అందరం అక్క అన్నట్టుగా ఆపా అని పిలిచేవాళ్లం. మేనేజర్ కూడా అలాగే పిలిచేవాడు.

నేను పుట్టి పెరిగింది పటేల్‌గూడలో. మా నాయన దున్నిన చేను ప్లాట్లయిపోయాక ఇంట్లో ఎవరో ఒకరు కంపెనీకి పోక తప్పలేదు. డిగ్రీ గట్టెక్కిన నేనే బస్సెక్కాను. మొదటిరోజు శిక్షణ ఇచ్చిన ఆఫీసరు బోర్డు మీద మనిషి బొమ్మ గీసి, దాని చుట్టూ చుక్కలు పెట్టాడు. "ఆ గదిలో అన్నిటికన్నా మురికి వస్తువు ఏదో తెలుసా? మీరే," అన్నాడు. మనిషి ఊరికే నిలబడినా చర్మం పొట్టు రాలుతుందట. మాట్లాడితే తుంపర్లు పడతాయట. తుమ్మితే ఇక చెప్పనే అక్కర్లేదు. బొట్టు, కాటుక, గాజులు, కమ్మలు అన్నీ బయటే వదిలేయాలి. చేతులు ఊపకూడదు, గబగబా నడవకూడదు, ముక్కు దురద పెడితే ఓర్చుకోవాలి. పొద్దున్నే తలంటుకొని, ఇస్త్రీ డ్రెస్సు వేసుకొని వచ్చిన నాకు ఒళ్లు మండిపోయింది. మా అమ్మ నన్ను నలుగు పెట్టి పెంచింది ఈ మాట పడటానికా అనుకున్నాను.

బట్టలు మార్చుకునే గదిలో స్టీలు బెంచీ మీద ముడుచుకుని కూర్చుంటే, ఆపా వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏంది బిడ్డా, మూతి గట్ల పెట్టుకున్నవ్?"

"మనం మురికోళ్లమంట ఆపా."

ఆమె నవ్వింది. "సారు అబద్ధమేం చెప్పలే. మనిషన్నంక రాలుతనే ఉంటడు. ఎంట్రుకలు రాల్తయ్, చెమట కార్తది, కంట్ల నీళ్లొస్తయ్. గాజుసీసకు ఏం రాలదు, దానికి పానం లేదు గనక. నువ్వు బతికున్నవ్, రాలుతున్నవ్. దానికి సిగ్గెందుకు? గా మందుల పడకుంట జెర పైలంగ ఉండు, సాలు."

మనిషి గురించి అంత సులువుగా, అంత జాలిగా ఎవరైనా మాట్లాడగా వినడం నాకదే మొదటిసారి. ఆ రోజు నుంచి ఆమె నాకు నచ్చింది.

ఆ గదిలో పనిచేయడం కలలో తిరిగినట్టు ఉండేది. గాలి ఎప్పుడూ పైనుంచి కిందికి ఒకే తీరుగా దిగుతూ, సన్నగా హోరుమనేది. నీడలు పడేవి కావు. బయట వాన పడుతోందో, ఎండ కాస్తోందో, మధ్యాహ్నమైందో, సాయంత్రమైందో తెలిసేది కాదు. నీళ్లలో నడిచినట్టు నడిచేవాళ్లం. సీసాలు ఒకదాని వెనుక ఒకటి మెరుస్తూ వచ్చి, నిండి, వెళ్లిపోయేవి. వాటిని చూస్తూ చూస్తూ ఉంటే నా పేరు, మా ఊరు, మా ఇల్లు ఒక్కొక్కటే నా నుంచి జారిపోతున్నట్టు అనిపించేది. భయం వేసేది కాదు, హాయిగానే ఉండేది. అందరం ఒకే తెలుపు, ఒకే ఎత్తు అన్నట్టు ఉండేవాళ్లం. ఎవరు ఎవరో పోల్చుకోలేక నేను ఒకసారి నవ్వులపాలయ్యాను కూడా. లోపల మాటలు తక్కువ, సైగలే ఎక్కువ. మా మేనేజర్‌కు గుబురు మీసాలుండేవి. ఆయన వస్తున్నాడని చెప్పడానికి, ఎదురుగా ఉన్నది నా స్నేహితురాలు సరిత అనుకుని, మాస్కు మీద మీసం మెలేసి చూపించాను. ఎదుటి ఆకారం కదల్లేదు. గాగుల్స్ వెనుక కళ్లు నవ్వలేదు. అది మేనేజరే. బయటికొచ్చాక సంగతి విని ఆపా పొట్ట పట్టుకుని నవ్వింది. "ఆయన మీసం మాస్కుల పెట్టుకుంటే, నువ్వు బయట మెలేసినవా!" అని వారం రోజులు ఏడిపించింది.

ఆపా మాత్రం ఎప్పుడూ ఎవరినీ పొరబడలేదు. అందుకు కారణం ఆమె పెట్టుకున్న ఒక అలవాటు. మాస్కు తగిలించుకోకముందే మేమంతా ఒక్కొక్కరుగా ఆమె ఎదుట నిలబడాలి. "మొహం సూపియ్యి," అనేది. జ్వరముందా, దగ్గుందా, చేతికి గాయముందా అని కంపెనీ అడగమన్నవి ఎలాగూ అడిగేది. అవయ్యాక ఇంకో మాట తన సొంతంగా కలిపేది: "ఇంట్ల ఎట్లుంది?" జవాబు వినేటప్పుడు మన నోటి వంక కాదు, మొహమంతా చూసేది. ఏదైనా బరువు కనిపిస్తే ఆ రోజుకు లోపలికి పంపేది కాదు. బయట హాల్లో అట్టపెట్టెలకు లేబుళ్లు అంటించే పని చెప్పేది. ఎందుకని ఎవరైనా ఆఫీసరు అడిగితే, "కడుపునొప్పంట సార్," అనేది. ఆపా గ్రహబలం చూసి డ్యూటీ వేస్తుందని కొందరు వెనుక వెక్కిరించేవాళ్లు.

ఒకరోజు నన్నూ అలాగే బయటికి పంపింది. మా నాయనకు సంగారెడ్డి ఆస్పత్రిలో ఆపరేషన్ ఆ రోజు. నేను ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అంతా బాగుందని గట్టిగానే అన్నాను.

"లేబుళ్ల కాడికి పో స్వరూపా."

నాకు కోపమొచ్చింది. "నాకేమైంది ఆపా? నా మొహంల ఏమున్నది?"

"నీ మొహంల మీ నాయన ఉన్నడు బిడ్డా," అంది మెల్లగా.

ఆమెకు అప్పటికి మా నాయన ఎవరో తెలియదు, ఆస్పత్రి సంగతి అసలే తెలియదు. నా మొహంలో తండ్రి కోసం పడే బెంగ ఉందని మాత్రం ఆమెకు కనిపించింది. హాల్లో కూర్చుని లేబుళ్లు అంటిస్తూ మధ్యమధ్య ఫోన్ చూసుకున్నాను. ఆపరేషన్ బాగానే అయిందని తమ్ముడు చెప్పేదాకా ఎన్ని లేబుళ్లు వంకరగా అంటించానో నాకే తెలియదు.

ఇక మినతి సంగతి చెప్పాలి. ఒడిశా నుంచి వచ్చిన పిల్ల. కాంట్రాక్టు మీద పనిచేసేది. భర్త పక్క ఫ్యాక్టరీలో వెల్డర్. కిష్టారెడ్డిపేటలో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లు. కూతురిని ఊళ్లో అత్త దగ్గర వదిలి వచ్చింది. ఒకరోజు పొద్దున ఆపా ఎదుట నిలబడి, బాగానే ఉన్నానంటూ, "ఠీక్ హూ ఆపా," అంది. ఆపా ఆమె మొహాన్ని మామూలు కంటే ఎక్కువసేపు చూసింది. ఆ రోజు ఇద్దరు సెలవు పెట్టారు. లైన్ దగ్గర మనుషులు చాలరు. ఆపా నిట్టూర్చి, "సరే, పో," అంది.

మందు నింపేచోట మినతి నిలబడింది. నేను పక్కనే ఉన్నాను. కొంతసేపటికి ఆమె గాగుల్స్ మసకబారాయి. భుజాలు సన్నగా కదిలాయి. ఏమైందో నాకు అర్థమయ్యేలోపే, మూతపడని సీసాల వరుస మీదికి వంగి, గ్లౌజు చేత్తో గాగుల్స్ పైకెత్తి కళ్లు తుడుచుకుంది. ఆ గదిలో అంతకంటే పెద్ద తప్పు లేదు. మళ్లీ గాగుల్స్ దించుకుంది. సీసాలు ఎప్పటిలాగే మెరుస్తూ ముందుకు పోతున్నాయి. చూసింది నేనూ, ఆపా.

చెప్తే మినతి ఉద్యోగం పోతుంది. కాంట్రాక్టు పిల్లలను తీసేయడానికి కంపెనీకి ఒక్క మాట చాలు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ ఆ సీసాలు ఎక్కడికో వెళ్తాయి. ఎవరి రక్తంలోకో ఎక్కిస్తారు. నేను ఆపా వైపు చూసి, వదిలేయమని కళ్లతోనే బతిమాలాను. ఆపా కళ్లు మినతి మీద ఉన్నాయి. వాటిలో ఉన్నంత జాలి నేనెప్పుడూ ఎవరి కళ్లలోనూ చూడలేదు. అలా జాలిగా చూస్తూనే చేయి చాపి లైన్ ఆపే ఎర్ర బటన్ నొక్కింది. సీసాలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఆ సీసాలన్నీ పక్కన పెట్టించింది.

బయట క్వాలిటీ ఆఫీసరు గది ముందు మినతి గోడకు ఆనుకుని నిలబడింది. ఆపా ఆమెను వెనక్కి నెట్టి తాను ముందు నిలబడింది.

"పిల్ల తప్పు కాదు సార్. పొద్దున మొహం సూసిన. బాగలేదని తెల్సింది. మనుషులు తక్కువున్నరని పంపిన. తప్పు నాది."

"గాగుల్స్ తీసింది ఆమె కదా?" అన్నాడు ఆఫీసరు.

"ఏడుపొస్తే చెయ్యి కంటి కాడికి పోతది సార్. అది మనం నేర్పింది కాదు, పుట్టినకాంచి ఉన్నది. ఏడుపు మోసుకొచ్చిన మనిషిని లోపలికి పంపకుండ ఆపేది నా పని. నేను ఆపలే."

ఎందుకేడ్చావని ఆఫీసరు మినతిని అడిగాడు. అసలు సంగతి అప్పుడు మినతి చెబితే తెలిసింది. ముందురోజు సాయంత్రం వీడియో కాల్‌లో కూతురు తల్లి మొహం చూసి, నాయనమ్మ వెనుక దాక్కుని, ఎవరామె అని అడిగిందట. అది విని ఆపా అక్కడే, ఆఫీసరు ముందే, మినతిని దగ్గరికి తీసుకుంది. మినతికి మళ్లీ శిక్షణ ఇచ్చి పనిలో ఉంచారు. ఆపాను సూపర్‌వైజర్ పని నుంచి తీసేసి, చీకటిగా ఉండే ఒక చిన్న గదిలో, నింపిన సీసాలను దీపం ముందు తిప్పి నలుసులు వెతికే పనికి పంపారు.

నాకు మనసాగలేదు. భోజనాల దగ్గర అడిగేశాను. "బాధ లేదా ఆపా నీకు?"

"ఎందుకుండదు? మస్తుగ ఉంది. కోపం గూడ ఉంది. ఇన్నేండ్లు నేను నడిచిన గదిల నన్ను అడుగు పెట్టనిస్తలేరు." అన్నం కలుపుతూ కొంచెంసేపు ఆగింది. "కానీ స్వరూపా, గా సూది ఎవరికి ఏస్తరో మనకు తెల్వది. మినతి మొహం సూసిన, గాళ్ల మొహం సూడలే. సూడలేదని గాళ్లు మనుషులు కాకుంట పోతరా?"

కళ్ల ముందున్న మనిషి మీద జాలిపడటం నాకు వచ్చు. అందరికీ ఎంతో కొంత వస్తుంది. ఎన్నడూ చూడని మనిషి కోసం, కళ్ల ముందున్న మనిషిని వదలకుండానే, తాను నష్టపోవడానికి నిలబడటం మాత్రం నేను ఆమె దగ్గరే చూశాను. మనిషంటే ఏమిటని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే నాకు పెద్ద జవాబులు రావు. ఆ మధ్యాహ్నం అన్నం కలుపుతున్న ఆమె వేళ్లు గుర్తొస్తాయి.

ఆపా రిటైరయ్యాక, ఆమె ఒకప్పుడు చేసిన సూపర్‌వైజర్ పని నాకిచ్చారు. నేనూ అందరి మొహాలూ చూడటం మొదలుపెట్టాను. మొదట్లో ఏమీ కనిపించేది కాదు. పైపైన నవ్వులే కనిపించేవి. వెళ్లి ఆపాకు చెప్పుకుంటే, "జల్దీ ఏం లేదు. రోజూ సూడు. నిన్నటి మొహం యాదిల పెట్టుకో, ఇయ్యాల్టిది దానంతటదే తెలుస్తది," అంది.

పోయిన చలికాలం ఆపా చనిపోయింది. పటాన్‌చెరులో వాళ్లింటికి వెళ్లాను. లోపలి గదిలో ఆడవాళ్లు నాకు చోటిచ్చి, ఆఖరిసారి మొహం చూసుకోమన్నారు. ఒళ్లంతా తెల్లటి బట్ట. ఎన్నో ఏళ్లు ఆమెను ఎక్కువగా అలా తెల్లటి బట్టల్లోనే, కళ్ల వరకే చూశాను. ఇప్పుడు కళ్లు మూసి ఉన్నాయి, మొహమంతా కనిపిస్తోంది. ముక్కు పక్కన చిన్న పుట్టుమచ్చ ఉంది. ఇన్నేళ్లూ దాన్ని నేను గమనించనే లేదు. ఏడుపు రాలేదు. అదేదో కలలా అనిపించింది.

మర్నాడు మామూలుగానే డ్యూటీకి వెళ్లాను. బట్టలు మార్చుకునే గదిలో నిలబడి ఒక్కొక్కరినీ చూసి లోపలికి పంపుతున్నాను. చివర మినతి వచ్చింది. ఇప్పుడామె పర్మనెంటు. కూతురిని తెచ్చుకుని ఇక్కడే బడిలో వేసింది. తెలుగు మాలాగే మాట్లాడుతుంది. నేను అడిగినవన్నిటికీ జవాబు చెప్పింది కానీ లోపలికి పోలేదు. నా ఎదుట అలాగే నిలబడి నా మొహంలోకి చూసింది.

"ఇయ్యాల నువ్వు లోపలికి రాకు అక్కా," అంది. "లేబుళ్ల కాడికి పో. ఇక్కడ నేను సూసుకుంట."

నాకేమైందని అడగబోయి ఆగాను. హాల్లోకి వెళ్లి పెట్టెల ముందు కూర్చున్నాను. చేయి దానంతటదే కంటి దగ్గరికి పోయింది.