బాయిలర్ మామ సెలవు, నా సెట్టింగు

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్ చేతికొస్తే చాలు, లోకాన్ని నడిపేది మనమే అనిపించేది. అలాంటి ధీమాతోనే కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీలో చేరాను. కార్మికులు కాగితం మీద కాకుండా కంప్యూటర్లో సెలవు అడిగేందుకు వెబ్ అప్లికేషన్ చేసిపెట్టాలి. చేశాను. దానికొక సెట్టింగుల ఫైలు ఉండేది. అందులో ‘పరీక్ష’ అన్న వరుస ఆన్‌లో ఉంటే, అడిగిన ప్రతి సెలవూ మేనేజరు పెద్దసారుతో పని లేకుండానే మంజూరైపోతుంది. (ఒక్కణ్ణే కూర్చుని నాకు నేనే సెలవులిచ్చుకుంటూ సరిచూసుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు.) ప్రారంభం నాడు దాన్ని ఆఫ్ చేయాలి. మరిచిపోయాను.

ఆ ఉదయం బాయిలర్ మామ ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడి నుంచి కుంకుమ తెచ్చి కంప్యూటరుకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. బాయిలర్ నడిపే ఈ పెద్దమనిషి ఫ్యాక్టరీలో అందరికీ మామే. మర్నాడు ఆ గుడిలోనే ఆయన మనుమడికి పుట్టువెంట్రుకలు తీయించాలి. మూడుసార్లు కాగితం పెడితే మూడుసార్లూ పెద్దసారు కొట్టేశాడు. పాపం అనిపించి మొదటి సెలవు మామ పేరునే అడిగాను. బటన్ నొక్కీ నొక్కగానే ‘మంజూరైనది’ అని వచ్చింది. “ఏంది బిడ్డా, గింత జల్దీనా!” అంటూ మామ తెరకు దండం పెట్టాడు. కబురు పాకిపోయింది. మధ్యాహ్నానికల్లా బాయిలర్ సెక్షన్ మొత్తానికి మర్నాడు సెలవే. పెద్దసారు ఊగిపోతూ వచ్చాడు. “రేపు బాయిలర్ ఎవరు నడుపుతరయ్యా? నువ్వా?”

గబగబా సెట్టింగు ఆఫ్ చేశాను. సెలవులు మాత్రం ఆగలేదు! అప్లికేషన్ ఆ ఫైలును మొదలయ్యేటప్పుడు ఒక్కసారే చదువుతుందని, ఆపి మళ్లీ మొదలుపెడితే తప్ప మార్పు తెలియదని అప్పుడు గుర్తొచ్చింది. కంప్యూటర్ స్విచ్చి మీద చెయ్యి వేశానో లేదో, మామ పట్టుకున్నాడు. “పూజ జేసిన మిషిన్ని పొద్దుగూకకముందే బంద్ జేస్తరా? జెర ఆగు బిడ్డా.” అమ్మవారి పూజ మాట వచ్చేసరికి పెద్దసారు కూడా వెనక్కి తగ్గాడు. (మిషన్ని ఆపకుండా అప్లికేషన్ ఒక్కదాన్నే ఆపి లేపొచ్చట. ఆ పాఠం చెప్పిన రోజు నేను క్లాసు ఎగ్గొట్టాను.)

పొద్దుగూకాక మిషన్ ఆపి మళ్లీ లేపాను. అంతటితో జబ్బు కుదిరింది. పెద్దసారు మాత్రం ఇచ్చిన సెలవులన్నీ రద్దు అన్నాడు. మామ తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. తప్పు చేసింది నేను, ఆశ పోయింది ఆయనకు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు సెక్షన్ వాళ్లే ముందుకొచ్చారు. “మా సెలవులు వాపస్ తీసుకుంటం సారూ. మామదొక్కటి ఉండనియ్యుండ్రి. ఆయన డ్యూటీ మేం జేస్తం.” పెద్దసారు కుంకుమ బొట్టు వంక చూసి, “సరే, పోనియ్” అన్నాడు.

సెలవు ముగిశాక మామ కొబ్బరి ముక్కల ప్రసాదంతో తిరిగొచ్చాడు. వచ్చినవాడు ఇంకో సెలవు అడిగిపెట్టమన్నాడు. ఈసారి తెర మీద ‘పరిశీలనలో ఉన్నది’ అని వచ్చింది. దాన్ని చూసి, “మంచిగున్నదాన్ని ఖరాబ్ జేసినవ్ గదా బిడ్డా!” అన్నాడు.

ఇప్పటికీ కొత్త అప్లికేషన్ ప్రారంభించే ముందు ‘పరీక్ష’ వరుసను నేనే ఆఫ్ చేస్తాను. చేసే ముందు చెయ్యి కాస్త ఆగుతుంది. ఆ తరువాత ఆఫ్ చేసి, ‘మంచిగున్నదాన్ని ఖరాబ్ జేసినవ్’ అన్న మామ మాట తలుచుకుని నవ్వుకుంటాను.