పేడ ఉండలో ఉక్కు టోపీ

నా జీవితంలో వెర్రిపనులకు లోటేమీ లేదు. కానీ పెంకుటింటి కప్పెక్కి, ఎండిన పేడ ఉండలు ఏరి, పొట్లం కట్టి, సిటీ బస్సులో పట్టుకెళ్ళి పళ్ళ డాక్టరు బల్ల మీద పెట్టింది మాత్రం ఒక్కసారే. మీరు నవ్వండి, నేనేమీ అనుకోను. ఆవేళ బస్సులో నా పక్కన కూర్చున్నాయన నవ్వలేదు. లేచి వెళ్ళి, దిగేదాకా నిలబడ్డాడు.

విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజులవి. నాకు ఇరవై రెండేళ్ళు. పోర్టులో కొత్తగా గుమాస్తాగా చేరి, మల్కాపురంలో మా అక్క ఇంట్లో ఉండేవాణ్ణి. అక్క కూతురు చిట్టికి ఏడేళ్ళు. దానికి ఎడమ దవడన ఒక పాలపన్ను పుచ్చి, బుగ్గ బూరెలా పొంగితే, అక్కా నేనూ టౌన్లో పిల్లల పళ్ళు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం.

"పాలపన్నే కదమ్మా, పీకీండి. ఎలాగా ఊడిపోద్ది" అన్నాను, నాకేదో తెలిసినట్టు.

"ముందు పళ్ళు ఊడే వయసండీ ఇది. దవడ పళ్ళు పదీ పదకొండేళ్ళ దాకా ఉండాలి. ఇప్పుడే పీకేస్తే పక్క పళ్ళు ఖాళీలోకి ఒరిగిపోయి, వెనకొచ్చే పన్నుకి చోటుండదు" అందావిడ.

నాలుగుసార్లు తిప్పించుకుని, లోపలంతా శుభ్రం చేసి, మందు పెట్టి, సిమెంటుతో పైన ఉక్కు టోపీ అతికించింది. ఉక్కు, సిమెంటు! గాజువాక అవతల కడుతున్నదంతా మా చిట్టి నోట్లో కూడా కడుతున్నట్టు అనిపించింది నాకు. చివర్లో ఒక చీటీ రాసిచ్చింది. అది చొక్కా జేబులో పెట్టుకున్నది నేనే. చదవనిది కూడా నేనే.

పది రోజులకి బావ తరఫు పెద్దాయన పెదకర్మ వచ్చిపడింది. అక్కా బావా చోడవరం బయల్దేరారు. చిట్టికి బడిలో పరీక్షలు.

"ఒరే, ఆదివారం సాయంత్రానికి వొచ్చేత్తాం. పిల్లకి జీళ్ళు గీళ్ళు కొనిపెట్టావంటే సంపేత్తాను. డాట్రమ్మ వద్దని మరీ మరీ సెప్పింది" అంది అక్క.

"నానేటి సిన్నపిల్లోడినా?" అన్నాను.

శుక్రవారం సాయంత్రం ఆ పెద్దవాడే నువ్వుల జీళ్ళు పట్టుకొచ్చాడు. అంత ధైర్యంగా సూది పొడిపించుకున్న పిల్లకి ఆ మాత్రం బహుమానం ఇవ్వొద్దూ?

రెండో జీడి సగం నమిలేసరికి చిట్టి నోట్లోంచి తళతళలాడేది ఏదో తీసి చూపించింది. "మావా, ఊడిపోనాది!"

అప్పటికే దానికి ముందు పళ్ళు రెండు ఊడాయి. కాబట్టి నా బుర్రకి తోచింది ఒక్కటే: టోపీతో సహా పన్ను ఊడిపోయింది! పిల్ల నోరు తెరిపించి చూడాలన్న ఆలోచన ఆ బుర్రకి రాలేదు. ఊడిన పాలపన్నుని ఆవు పేడలో పెట్టి ఇంటి కప్పు మీదకి విసరాలి, లేకపోతే కొత్త పన్ను సరిగ్గా రాదని మా ఇంట్లో గట్టి నమ్మకం. మిగతా విషయాల్లో బద్ధకస్తుణ్ణి గానీ, ఇందులో మాత్రం క్షణం ఆలస్యం చేయలేదు. పక్కింటి అప్పలనర్సమ్మగారి ఆవు దగ్గరికి పరిగెత్తి పేడ తెచ్చాను.

"ఎవరి పన్ను ఆళ్ళే ఎట్టాల. నువ్వే ఉండ సెయ్యి" అన్నాను.

చిట్టి గోడవైపు తిరిగి కూర్చుని, చాలాసేపు చాలా శ్రద్ధగా ఉండ చేసింది. ఎంత భక్తి పిల్లకి అని ముచ్చటపడ్డాను. ఉండ కప్పెక్కింది. నా మనసు తేలికపడింది.

ఆ తేలిక తెల్లారేదాకానే. శనివారం పొద్దున్న అప్పలనర్సమ్మగారు ఇడ్డెన్లు పట్టుకొచ్చి, చిట్టి గడ్డం పట్టుకుని నోట్లోకి చూసింది.

"ఏటి బాబూ, పన్ను ఊడిపోనాదన్నావు? ఇక్కడే ఉంది గదా!"

"ఏటీ?"

"టోపీ నేదంతే. పన్ను ఉంది. పాపం, సిన్నగా అరగదీసినట్టుంది."

నేనూ చూశాను. ఉంది. నిన్న నేను సాంగ్యం జరిపించిన పన్ను దవడలో నిక్షేపంగా ఉంది. అయితే కప్పు మీదకి వెళ్ళిందేమిటి? ఉత్త టోపీయా? చొక్కా జేబులో చీటీ వెతికాను. చాకలికి వెళ్ళకపోవడం నా అదృష్టం. "టోపీ ఊడితే పారేయకండి. మీరు ఏమీ చేయకుండా, వంచకుండా వెంటనే తీసుకురండి. ఆలస్యమైతే పన్ను విరిగిపోతుంది" అని ఉంది. కింద "ఆదివారం సెలవు" అని కూడా ఉంది.

చెమటలు పట్టాయి. అక్క తిట్లకి కాదు, అవి నాకు అలవాటే. అన్ని సూదులకి ఏడవకుండా నా వేలు పట్టుకుని కూర్చున్న పిల్ల మళ్ళీ బుగ్గ పట్టుకుని ఏడుస్తుందని. ఎలాగైనా సాయంత్రంలోగా టోపీ దొరకాలి.

నిచ్చెన తెస్తుంటే చిట్టి అరుగు మీద లక్కపిడతలు పరుచుకుని వంట చేస్తోంది. "మావా, పాయసం తాగీసి ఎల్లు" అని చిటికెన వేలి గోరంత గిన్నె అందించింది. కాదంటే ఏడుస్తుందని రెండు వేళ్ళతో పట్టుకుని, జుర్రుమని శబ్దం చేసి, "ఓహో, అమృతం!" అని తిరిగిచ్చి కప్పెక్కాను.

అక్కడికెళ్ళాక మతి పోయింది. ఒక ఉండ కాదు, ఆరున్నాయి! మా ఇళ్ళది ఒకే వరస కప్పు.

"అమ్మా, ఇయ్యన్నీ ఎవరియి?" అని పైనుంచి అరిచాను.

"మా మనవలవి కొన్ని, మీ సిట్టివి కొన్ని. కుడేపువి మావి బాబూ. కాదు, ఎడమేపువేమో!"

విశాఖ ఎండ పొద్దెక్కేసరికే నిన్నటిదాన్ని కూడా పాతవాటి రంగుకి ఎండగట్టేసింది. విరిచి చూద్దామంటే, "ఏమీ చేయకుండా, వంచకుండా" అన్న మాట అడ్డొచ్చింది. చీటీని ఒకసారి లెక్కచేయక ఇంత తెచ్చుకున్నాను. రెండోసారి అక్షరం తప్పదలుచుకోలేదు. ఆరింటినీ కాగితంలో పొట్లం కట్టి, చిట్టిని చంకనేసుకుని బస్సెక్కాను.

డాక్టరమ్మ పొట్లం విప్పి, కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"ఏమిటివి?"

"టోపీ అండి."

"ఆరు టోపీలా?"

"ఒక దాన్లో టోపీ ఉంటాదండి. మిగతా వాట్లో పళ్ళండి. మా చిట్టివి రెండు, పక్కింటోళ్ళవి మూడు."

"వాళ్ళకీ వైద్యం చేయాలా?"

"వొద్దండి. ఆళ్ళవి ఊడిపోనాయండి. మీరు వంచొద్దని రాసినారు కదండీ, అందుకని ఇప్పకుండా తెచ్చాను. మీ పటకారు ఒకసారి ఇత్తే..."

"నా పటకారా!" అని ఆవిడ కుర్చీలోంచి లేచింది. "బయటికెళ్ళండి. పుల్లతో విప్పుకోండి."

మెట్ల మీద కూర్చుని విప్పాను. పన్ను. పన్ను. ఇంకో పన్ను. నాలుగో దాంట్లోనూ, ఐదో దాంట్లోనూ పన్నే. ఇక మిగిలింది ఒక్కటే. ఊపిరి బిగబట్టి విప్పాను. గులకరాయి!

ఉక్కు రాయిగా ఎలా మారింది? ఆ రాయి పట్టుకుని లోపలికెళ్ళి, "అమ్మా, ఇది కరిగి ఇలాగైపోనాదా?" అని నిజంగానే అడిగాను. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఇక నావల్ల కాలేదు. కళ్ళనీళ్ళు వచ్చేశాయి. "ఈ పిల్లకి మళ్ళీ నొప్పెడితే మా అక్కకి నా మొకం ఎలా సూపించనమ్మా?" అన్నాను.

చిట్టికి నా ఏడుపు చూసి జాలేసినట్టుంది. గౌను జేబులో చెయ్యి పెట్టింది.

"ఏడవకు మావా. టోపీ నాకాడే ఉంది. మెరుత్తందని దాసీసుకున్నాను. ఉండలో రాయి ఎట్టీసినాను."

అరచేతిలో ఉక్కు టోపీ తళతళలాడుతోంది. దాని అడుగున కాస్త బెల్లం నీళ్ళ జిగురు.

"ఇదేమిటమ్మా, దీనికి ఏదో అంటుకుంది?" అంది డాక్టరమ్మ.

"పాయసం. పొద్దుట మావకి దీన్తోటే ఇచ్చినాను. అమృతం అన్నాడు."

అప్పుడు నవ్విందావిడ. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, టోపీ కడిగి, కొత్త సిమెంటు పెట్టి అతికించింది. ఆదివారం అక్క వచ్చి పిల్ల నోరు చూసి, "పరవాలేదురా, జాగర్తగానే సూసుకున్నావు" అని మెచ్చుకుంది. ఆ మెప్పు నేను కాదనలేదు. నాలుగేళ్ళకి ఆ పన్ను టోపీతో సహా తనంతట తానే ఊడింది. ఈసారి ఉండ నేనే చేసి, నేనే విసిరాను.

ఆనాడే ఆ డాక్టరమ్మ ఆసుపత్రి మెట్ల మీద నిలబడి, పేడ చేతులు దూరంగా పెట్టుకుని ఒట్టు వేసుకున్నాను. నేటికీ తప్పలేదు. ఏ పిల్ల బొమ్మల గిన్నెలో పాయసం ఇచ్చినా, ఆ గిన్నె ఎవరి నోట్లోంచి వచ్చిందో కనుక్కున్నాకే తాగుతాను.