గెడ్డ మూతిలో నేను పీకిన వెదురు

"ఊళ్లో సెప్పీమంటావా మావా? నానే పీకీసానని సెప్పీనా?" అన్నాను.

"ఇప్పుడు సెప్తే ఎవుడు నమ్ముతాడే? పెళ్లాన్ని ముందుకి తోసీసాడంటారు. బస్సెల్లిపోద్ది, ఎల్లు" అన్నాడు.

మా ఆయనకీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. చేపల బేసిన్ నెత్తికెత్తుకుని విశాఖలో సీతమ్మధార వెళ్లాను. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మంచం మీద అలాగే ఒరిగిపోయి ఉన్నాడు. గుండె ఆగిపోయిందన్నారు. మనిషి పోయాడు గానీ అతని మీది నింద పోలేదు. పద్మనాభం ఊరి అవతల, మా రిజర్వాయర్ చుట్టూ, కొర్రమీను మాట వచ్చిందంటే ఇప్పటికీ అతన్నే అంటారు. అందుకే ఇది చెబుతున్నాను. వేలిముద్ర మాని సంతకం గీయడం నేర్చుకున్నాను, అంతకుమించి నాకు రాదు. మా ఆడపడుచు కూతురు రాస్తోంది. తన మేనమామ సంగతే.

ఆ వెదురు సంగతి ముందు చెప్పాలి. కొండ మీది వాగు, అదే గెడ్డ, వచ్చి రిజర్వాయర్‌లో కలిసే చోటుని మేం గెడ్డ మూతి అంటాం. తొలకరికి కొత్త నీరు దిగగానే చేపలు గుడ్లతో అక్కడికి ఎగబడతాయి. ఆ రోజున మా వలవాళ్లలో ఒకరు అక్కడొక వెదురు పాతి, దానికి పాత వలముక్క కడతారు. అది ఉన్నన్నాళ్లూ అక్కడ ఎవరూ వల వేయరు. కొర్రమీను పిల్లలు మొదట్లో కుంకుమ చల్లినట్టు ఎర్రగా, ఒకటే గుంపుగా నీటి పైన తేలుతుంటాయి. కింద తల్లీ తండ్రీ కాపలా. పిల్లలకి ఆ ఎరుపు పోయి నలుపు తిరిగాకే వెదురు తీయాలి. పాతినవాడే తీయాలి. మా మావగారి తరవాత ఆ పని మా ఆయన చేతికొచ్చింది.

కొన్నాళ్లకి రిజర్వాయర్‌ని వేలం పాట పెట్టారు. పాడుకున్న కాంట్రాక్టరు బొచ్చె చేపపిల్లల్ని లారీల్లో తెప్పించి పోయించాడు. వాటి వెంట తిలాపియా ఎలా దిగిందో, దిగింది. తాను పోయించిన బొచ్చె పిల్లల్ని కొర్రమీను మింగేస్తోందని ఆ కాంట్రాక్టరు గోల. అతని మనుషులు ఏడాదికి కాస్త చొప్పున వలల్ని గెడ్డ మూతి వైపు జరుపుకుంటూ వచ్చారు. అయినా వెదురు దాటేవారు కాదు. దాన్ని చూస్తే ఎందుకో జంకేవారు. ఆ జంకు ఎంత గొప్పదో నాకు అప్పుడు తెలియలేదు.

ఆ యేడు నా బేసిన్ నిండా తిలాపియాలే. సీతమ్మధారలో నా వాడుక ఇంటావిడ గోనెపట్టా తీసి చూసి ముఖం చిట్లించింది. "మళ్లీ ఇవేనా? మా ఆయనకి ఆపరేషన్ అయింది, కొర్రమీను తెమ్మని ఎన్నిసార్లు చెప్పాను? నీ వల్ల కాకపోతే చెప్పు, భీమిలి నుంచి ఇంకొకామె వస్తోంది" అంది. ఆ మాట దిగమింగుకుంటూ ఇంటికి వస్తుంటే గెడ్డ మూతి దగ్గర కాంట్రాక్టరు మనుషులు పడవలో ఉన్నారు.

"అప్పా, మీ కర్రకి దండం ఎట్టుకుని కూకోండి. సేపల సంగతి మావు సూసుకుంటాం" అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

మా ఆయన వల దారం కోసం భీమిలి వెళ్లాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. చీర ఎగ్గట్టి నీళ్లలోకి దిగాను. రెండు ఊపులకే వెదురు వచ్చేసింది. పిల్లలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, నా మోకాళ్ల చుట్టూ తిరుగుతున్నాయి. చూడలేదని చెప్పను. నాలుగు రోజులు ముందు తీస్తే ఏమవుతుందిలే, మనవాళ్లూ నాలుగు చేపలు పట్టుకుంటారు అనుకున్నాను.

మా ఆయన వచ్చాక చెప్పేశాను. తిట్టలేదు. మళ్లీ పాతేద్దామని పరిగెత్తాడు. అప్పటికే మావాళ్ల వలలూ, కాంట్రాక్టరు వలలూ నీళ్లలో ఉన్నాయి. ఎర్ర గుంపు కనపడిన చోట విసిరితే చాలు, తల్లీ తండ్రీ రెండూ పడుతున్నాయి. పిల్లల్ని వదిలి పారిపోవు కదా. దిక్కులేని ఆ పిల్లల్ని తిలాపియాలు తినేశాయి. నేనూ ఒక జత సీతమ్మధార తీసుకెళ్లాను. ఆవిడ సంబరపడింది. నేనూ పడ్డాను.

తరవాత వలలు ఆరేసే చోట మా వలవాళ్ల పెద్దాయన అతన్ని నిలదీశాడు. "నువ్వే పాతినావు, నువ్వే పీకినావేట్రా?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను తల ఎత్తలేదు.

"నానే బావా. పిల్లలు నల్లబడ్డాయనుకున్నాను."

"కళ్లు దొబ్బాయేటి నీకు? కుంకంలాగున్నాయి కదరా!"

"కాంట్రాక్టరికి అమ్ముడుపోనాడు" అన్నారు వెనకనుంచి ఎవరో.

మరుసటి తొలకరికి వెదురు పాతడానికి అతన్ని పిలవలేదు. ఇంకెవరూ పాతలేదు, పాతితే మాత్రం ఎవడాగుతాడన్నారు. రెండేళ్లలో కొర్రమీను కనపడకుండా పోయింది. ఇప్పుడు మా వలలకి పరిగెల్లాంటి చిన్న చేపలు పడినా పండగే. తప్పంతా కాంట్రాక్టరు మీదికి తోసేద్దామని ఎన్నోసార్లు చూశాను. సగం నిజమే. కానీ అతని మనుషుల్ని ఆపడానికి మాకున్నది ఆ ఒక్క కర్ర.

ప్రతి యేడూ చెబుదామనుకునేదాన్ని. మా ఆయన చనిపోయే ముందు రోజు టీ బడ్డీ దగ్గర ఒకడు, "తాతా, కొర్రమీనంటే ఎలాగుంటాదేటి? ఆకర్న సూసినోడివి నువ్వే కదా" అన్నాడట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నవ్వబోయాడు, నవ్వు రాలేదు. మర్నాడు పొద్దున్న నేను అడిగింది అందుకే. వద్దన్నాడని వెళ్లిపోయాను. వద్దంటాడని తెలిసే అడిగానేమో.

పిల్ల పెన్ను ఆపింది. "అత్తా, ఇదంతా రాయాలా? అమ్మ సదివితే నీతో మాటాడదు" అంటోంది.

రాయి గుంటా. మీ అమ్మ తమ్ముడి సావుకి కూడా తలొంచుకునే వచ్చింది. నాతో మాటాడకపోతే పోనీ. ఏదీ, నాను నీళ్లలోకి దిగిన కాడి నుంచి ఒకసారి సదువు. ఆ పీకడంలో మీ మావయ్యని ఎక్కడా ఎట్టలేదు కదా? సదువు, ఇంటాను.