గుండిగ మూత మీద సిస్టర్ విజయరత్నం

నరసాపురం నుంచి దుబాయ్ వచ్చి తొమ్మిదేళ్ళయినా సిస్టర్ విజయరత్నం నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డు ఆవిడది. ఛాతీ మీద పిన్నుతో తగిలించుకున్న గడియారం, నలగని తెల్లకోటు, సూది లేకుండానే ఇంజెక్షన్ ఇచ్చే చూపు. ఆవిడ నాడి పట్టుకుంటే జ్వరం కూడా లేచి నిలబడుతుందని కుర్ర నర్సులు చాటుగా అనుకునేవారు.

పాపం, ఆవిడకూ ఒక కోరిక ఉండేది. తెలుగు క్రైస్తవ సంఘంలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు కావాలని. పైకి అంటే చులకనైపోతామని ఎవరితోనూ అనలేదు. ఎనభై మూడులో ఆ కుర్చీ ఖాళీ అయింది. ఆదివారాలు డ్యూటీలుంటాయి కనుక అక్కడ మనవాళ్ళకు శుక్రవారమే ఆరాధన, ఎన్నికా ఆ రోజే. సంఘ పెద్ద దేవదానం గారు “మీరేనండి సిస్టరు గారూ, ఇంకెవరున్నారు?” అని ముందే అనేశారు.

ఎన్నిక ఇంకో వారం ఉందనగా అందరూ బస్సెక్కి హత్తా దారిలో ఎర్ర ఇసుక దిబ్బల దగ్గరికి పిక్నిక్ వెళ్ళారు. భోజనాలయ్యాక బిర్యానీ గుండిగ మూతను ఇసుకతో తోముదామని విజయరత్నం తీసుకుంది. కింద ఇసుకంతా అందరూ తొక్కేశారు, శుభ్రమైనది పైన ఉంటుందని దిబ్బ ఎక్కింది. ఆవిడ శుభ్రం అలాంటిది మరి!

పైన డ్రైవర్ అమీర్ జాన్ చాయ్ తాగుతున్నాడు. పెషావర్ వైపు కొండల మనిషి. మూత చూడగానే అతని మొహం వెలిగిపోయింది. చిన్నప్పుడు తమ ఊళ్ళో మంచు మీద పళ్ళేలు వేసుకుని జారేవాళ్ళమని చెప్పి, “బైఠో సిస్టర్, యల్లా!” అని తొందరపెట్టాడు.

ఎందుకు కూర్చుందో ఆవిడకే తెలీదు. కొంగు బిగించి, చెప్పులు విడిచి కూర్చుంది. మూత కదిలింది. ఆ తర్వాత వార్డు లేదు, డ్యూటీ లేదు, నలభై ఆరేళ్ళ వయసూ లేదు. జారడం ఒక్కటే ఉంది. అడుగున బోర్లాపడి, నోట్లో ఇసుక ఉమ్మేసి, అలవాటుకొద్దీ తన నాడి తానే పట్టుకు చూసుకుంది. లెక్క తప్పింది. ఇరవై మూడేళ్ళ సర్వీసులో అదే మొదటిసారి. దాంతో నవ్వొచ్చింది, ఆపుకోలేనంత.

కాసేపటికి దేవదానం గారి కంట పడనే పడింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. తిరుగు బస్సులో పక్కన కూర్చుని గొంతు తగ్గించారు.

“పెద్దరికం ఏమైపోవాలండీ? వచ్చే వారం సాక్ష్యంలో చెప్పెయ్యండి, మూత తోముతుంటే పట్టు తప్పిందని. అంతే, ఖలాస్. కుర్చీ మీదే.”

ఆ వారం ఆవిడ థర్మామీటర్ రోగి నోట్లో పెట్టి తియ్యడం మరిచిపోయింది. ఒక్క చిన్న అబద్ధం ఆడితే తొమ్మిదేళ్ళ కోరిక తీరుతుంది. కానీ ఆ సంతోషాన్ని పొరపాటనడానికి మనసొప్పడం లేదు.

శుక్రవారం సాక్ష్యాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరే లేచి ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు చెబుతున్నారు. విజయరత్నం ఎప్పుడూ చెప్పేది ఒకటే, ప్రభువు క్షేమంగా కాపాడాడని. ఆ రోజు లేచి గొంతు సవరించుకుంది.

“నాకు పట్టు తప్పలేదండి. నేనే కూర్చున్నాను. అంత సంతోషం ఎందుకొచ్చిందో నాకు తెలీదు. తప్పయితే క్షమించమని ప్రార్థన చేసుకున్నాను. చేసుకుంటుంటే కూడా నవ్వొచ్చింది.” కూర్చోబోయి మళ్ళీ లేచింది. “ఇంకోటండి. దేవదానం గారు చూసింది నేను నాలుగోసారి జారినప్పుడు.”

ఎన్నికలో కుర్చీ సమాజంలో ఇంకో సభ్యురాలు దయాకుమారికి దక్కింది. విజయరత్నానికి బాధ కలిగింది, కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే దేవదానం గారు అటూ ఇటూ చూసి దగ్గరికొచ్చారు.

“సిస్టరు గారూ, నా బరువుకి ఆ మూత ఆగుద్దంటారా?”

ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుని, గడియారం చూసి, నిమిషం నిండేదాకా లెక్కపెట్టింది.

“ఆగుద్దండి. చెప్పులు మాత్రం విడిచి కూర్చోండి.”