ఒకే క్వార్టర్లో రెండు ఛానళ్లు

రజనీకుమారి పవర్ హౌస్ బజారుకి పోట్లాటకని వెళ్లి, వార్తలు చదివి ఇంటికొచ్చింది.

అది తొంభై ఐదో సంవత్సరం ఎండాకాలం. భిలాయి సెక్టర్ 7లో వాళ్ల క్వార్టర్‌కి కేబుల్ ఇచ్చింది రాజగోపాల్. తాతల కాలంలో రైల్వే ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబం అతనిది. పవర్ హౌస్ స్టేషన్ దగ్గర వీడియో క్యాసెట్ల దుకాణం పెట్టుకుని, దాని వెనక గదిలోంచి స్తంభం స్తంభానికీ తీగలు లాక్కుంటూ సగం భిలాయికి సినిమాలు వేసేవాడు. పెళ్లిళ్లు తీసే కెమెరా ఎలాగూ ఉంది కదా అని లోకల్ వార్తలు కూడా మొదలుపెట్టాడు. ఏ సెక్టర్లో నీళ్లు రావు, ఎక్కడ రక్తదానం, ఎవరి ఆవు తప్పిపోయింది, అలాంటివి. ముందు హిందీలో, చివర ఐదు నిమిషాలు తెలుగులో. ఉక్కు కార్ఖానాలో పనిచేసే విజయనగరం వాళ్లూ శ్రీకాకుళం వాళ్లూ ఆ ఐదు నిమిషాల కోసం అన్నం పళ్లాలు పట్టుకుని టీవీ ముందు చేరేవారు.

రజని కోపమల్లా సినిమాల గురించి. మూడు ఆదివారాలు వరసగా సరిగ్గా ఆఖరి రీలు దగ్గర బొమ్మ పోయింది. ఆ మూడు సినిమాల్లోనూ హత్య చేసిందెవరో ఆమెకి ఈనాటికీ తెలియదు. భర్త సూర్యప్రకాష్ రైల్ మిల్లులో క్రేన్ నడుపుతాడు. పోనిద్దూ అంటాడు దేనికైనా. రజని పోనిచ్చే మనిషి కాదు. బొబ్బిలిలో ఇంటర్ దాకా చదువుకుని, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి, హిందీ సగం సగం నేర్చుకుని, కొళాయి దగ్గర న్యాయం కోసం ఆ సగం హిందీతోనే నెగ్గుకొచ్చిన మనిషి.

దుకాణం గుమ్మంలో నిలబడి ఆమె తన ఫిర్యాదు మొత్తం ఊపిరి తీసుకోకుండా చెప్పింది. ఏ ఆదివారం, ఏ సినిమా, హీరో ఎవరి కాలరు పట్టుకుని ఉండగా బొమ్మ పోయిందో ఒక్కటీ వదల్లేదు. రాజగోపాల్ మాటలు వదిలేసి ఆ గొంతునే వింటున్నాడు. తెలుగు వార్తలు చదివే అమ్మాయి ఆ వారమే పెళ్లి చేసుకుని జగదల్‌పూర్ వెళ్లిపోయింది. అతను అప్పటికి నాలుగు రోజులుగా వార్తలు తనే చదువుతూ, ఊరి చేత తిట్లు తింటున్నాడు.

ఆమె ఆగాక ఒక కాయితం చేతికిచ్చి అన్నాడు. "భాభీ, ఇదే గొంతుతో ఇదొక్కసారి చదివి పెట్టండి. తర్వాత ఎంత తిట్టినా పడతాను."

వెనక గదిలో గోడకి నీలం దుప్పటి కట్టి ఉంది. చప్పుడు రికార్డవుతుందని ఫ్యాను ఆపేశారు. కెమెరామాన్ ఉదయ్‌కుమార్ చెయ్యి ఊపగానే రజని చదవడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం వణికింది. రెండోది నిలబడింది. రుఆబాంధా సెక్టర్లో తప్పిపోయిన ఆవు దగ్గరికి వచ్చేసరికి ఆ ఆవు తన సొంతమే అన్నంత బాధగా చదివింది. బయటికొచ్చి ఆటో ఎక్కాక గానీ తను చేసిందేమిటో ఆమెకి తట్టలేదు. తట్టాక దారంతా నవ్వు ఆగలేదు. ఆటోవాడు అద్దంలోంచి రెండుసార్లు చూశాడు.

దొడ్డి గుమ్మంలోంచి లోపలికి వస్తుంటే ముందు గదిలోంచి అత్తగారు పోలమ్మ కేక వినపడింది.

"ఒసే రజనీ, బేగి రా. అచ్చం నీలాటి మనిషే టీవీలో కూకున్నాది. సీర కూడా అదే."

మర్నాటి నుంచి రజనికి బజారు వెళ్లడమే ఒక పండగైంది. వంకాయలమ్మే ఛత్తీస్‌గఢీ ఆవిడ, తెలుగు ఒక్క ముక్క తెలియకపోయినా, "సమాచార్ వాలీ దీదీ" అని పిలిచి రెండు కాయలు ఎక్కువ వేసేది. గుళ్లో ఆడవాళ్లు దేవుణ్ణి వదిలేసి ఆమె జాకెట్టు కుట్టు చూసేవారు. రాత్రి డ్యూటీ దిగి వచ్చినవాళ్లు సూర్యప్రకాష్‌ని సైకిలాపి, మీ ఇంటావిడ నిన్న భలే చదివిందోయ్ అనేవారు. అతను సైకిలు మీద కాస్త నిటారుగా కూర్చోవడం అప్పుడే అలవాటైంది.

ఇదంతా చూసి ఓర్చుకోలేనివాడు బలరాం. దుర్గ్ నుంచి వచ్చినవాడు. రుఆబాంధాలో మొదలుపెట్టి, సెక్టర్ 7లో ఎదురు వరస దాకా తన కేబుల్ తెచ్చాడు. అతని వార్తలన్నీ హిందీలోనే. ఎదురు వరసలో తెలుగువాళ్లు ఒక్కొక్కరే రాజగోపాల్ వైపు తిరుగుతుంటే, తనకీ ఒక తెలుగు మనిషి కావాలని వెతకడం మొదలుపెట్టాడు.

ఆ వానాకాలంలో రజని ఆడపడుచు అరుణజ్యోతికి ఉన్నట్టుండి తెలుగు మీద ప్రేమ పుట్టింది. బీకాం ఆఖరి సంవత్సరం చదువుతోంది. పుట్టింది, పెరిగింది భిలాయిలోనే. కలలు కూడా హిందీలోనే కంటానని తనే చెప్పేది. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. దసరాకి తెలుగు సంఘంలో పద్యాల పోటీ ఉందనీ, నాలిక తిరిగేలా నేర్పమనీ వదిన వెంట పడింది. రజని సంబరపడిపోయింది. కూర తరుగుతూ, బట్టలారేస్తూ ఆ పిల్ల చేత "కొళాయి, నీళ్లు, వేళలు" అని వందలసార్లు అనిపించింది. పద్యాల పోటీకి కొళాయెందుకని ఆమెకి అనుమానం రాలేదు.

ఒకనాటి సాయంత్రం ఎదురు క్వార్టర్ అప్పలనర్సమ్మ గుమ్మంలోకొచ్చి చేతులూపింది. రజని, పోలమ్మ వీధి దాటి వెళ్లారు. బలరాం ఛానల్లో అరుణజ్యోతి కూర్చుని ఉంది. ఒంటి మీద రజని ఆవపువ్వు రంగు పట్టుచీర. చేతిలో కాయితం, దాని మీద హిందీ అక్షరాల్లో రాసుకున్న తెలుగు. "సెక్టర్ ఏడులో రేపు నీళ్లు వచ్చే వేళలు" అంటోంది.

రజనికి ముందు ఒళ్లు మండింది. తన చదువు, తన చీర, తన శత్రువు ఛానలు. గిర్రున వెనక్కి తిరగబోయింది. ఇంతలో ఆ పిల్ల "కొళాయిల వద్ద" అంది. 'ళ' గుండ్రంగా, నిండుగా పలికింది. రజని అప్పలనర్సమ్మ భుజం పట్టుకుని, చూశారా ఎలా అందో, అది నేను నేర్పిందే అంది.

అరుణజ్యోతి ఇంటికొచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. "వదినా, గుస్సా అయ్యావా?"

"అయ్యాను. ముందు ఆ చీర విప్పి మడత పెట్టు. రేపు నాకు కావాలి."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పకుండా అయిపోయారు. సూర్యప్రకాష్ డ్యూటీ నుంచి రాగానే చెరో వైపు నుంచి మంచినీళ్లు వచ్చేవి. మిల్లులో విశేషాలేమిటని ఇద్దరూ ఒకేసారి అడిగేవారు. ఒకసారి క్యాంటీన్‌లో కోతి దూరి బూరెల పళ్లెం ఎత్తుకుపోయిందని అతను నోరు జారాడు. ఇద్దరూ చెప్పులేసుకుని చెరో దిక్కు పరిగెత్తారు. తర్వాత అతను ఏమడిగినా వాతావరణం బాగుందనేవాడు. పట్టుచీర మాత్రం ఇద్దరి ఒంటి మీదా రోజు మార్చి రోజు కనిపించేది. రెండు ఛానళ్లూ ఒకళ్లవే కాబోలని రుఆబాంధాలో కొందరు నమ్మారు కూడా.

అసలు పోటీ వేళ దగ్గర ముదిరింది. రాజగోపాల్ వార్తలు ఏడింటికి వస్తే, బలరాం ఆరున్నరకి వేశాడు. రాజగోపాల్ ఆరింటికి జరిగాడు. అలా ఒకరి ముందు ఒకరు జరుగుతూ జరుగుతూ, అక్టోబరు నాటికి వార్తలు ఎండ చల్లారకముందే వచ్చేవి. మధ్యాహ్నం టేపు మీద ఎక్కించి సాయంత్రం వదిలేవారు. చిక్కల్లా ఒక్కటే. సాయంత్రం జరగాల్సినవి అప్పటికి జరిగి ఉండేవి కావు.

ఆంధ్ర మిత్రమండలి వార్షికోత్సవం రుఆబాంధా మైదానంలో పెట్టారు. తెలుగువాళ్లకి ఏడాదికంతటికీ అదే పెద్ద సభ. అధ్యక్షుడు గురునాథరావు గారు, రిటైరైన ఫోర్‌మన్. సభ సాయంత్రం. టేపు మధ్యాహ్నం. ఆ వార్త లేకుండా ఆ రోజు వార్తలు చదివితే ఊరు నవ్వుతుంది. ఏం చెయ్యాలో తోచక రజని వంటింట్లో అత్తగారి పక్కన కూర్చుని, సభ ఎలా జరుగుతుందంటావత్తా అని అడిగింది.

"ఏటుంటాది? గురునాథరావుగారు దీపం ఎలిగిస్తారు. దండేయించుకుంటారు. గంటసేపు మాటాడతారు. అందరం పులిహోర తినీసి వొచ్చెస్తాం. ఏటేటా అదే కదా."

వార్తకి కావాల్సింది భూతకాలం ఒక్కటే. దాన్ని రజని చేర్చుకుంది. గంట పోయాక అరుణజ్యోతి అదే వంటింట్లోకి వచ్చి అదే అడిగిన సంగతి ఆమెకి తెలియదు.

ఆ సాయంత్రం రెండు ఛానళ్లలోనూ మిత్రమండలి సభ దిగ్విజయంగా జరిగింది. గురునాథరావు గారు జ్యోతి ప్రజ్వలన చేశారు. పూలమాలతో సత్కారం అందుకున్నారు. గంటసేపు ఉపన్యసించి ప్రేక్షకులను ఉర్రూతలూగించారు. అనంతరం అందరూ పులిహోర స్వీకరించారు. సరిగ్గా ఆ వేళకి గురునాథరావు గారు సిల్కు పంచె కట్టుకుని, జీపు కోసం ఎదురుచూస్తూ, సొంత ఇంట్లో టీ తాగుతూ ఆ వార్తలే చూస్తున్నారు. కిటికీ బయట ఆకాశం నల్లబడి, ఉరిమి, అకాల వాన కుండపోతగా దిగింది. గాలికి మైదానంలో శామియానా లేచి, రోడ్డు దాటి, కొళాయిల మీద పడింది. సభ జరగలేదు. పెద్దాయన రాజగోపాల్‌కి ఫోన్ చేశారు. తిడతారేమోనని అతను బిక్కచచ్చి రిసీవరెత్తాడు. ఆయన అడిగింది ఒక్కటే, ఉపన్యాసంలో జనానికి ఏ భాగం నచ్చిందని.

మర్నాడు పాల క్యూలో రజనిని చూసి అందరూ దారిచ్చారు. రేపు మా ఇంట్లో ఏం కూరో చెప్పమని ఒకామె, మా వాడి పరీక్ష ఎలా రాశాడో ముందే చదివెయ్యమని ఇంకొకామె. తల వంచుకుని పాలు పోయించుకుని ఇంటికొచ్చేసరికి వరండాలో రాజగోపాల్ ఒక కుర్చీలో, బలరాం ఒక కుర్చీలో, ఒకరి వైపొకరు చూడకుండా కూర్చుని ఉన్నారు. రెండు ఛానళ్ల వార్తలూ దండ దగ్గర్నుంచి పులిహోర దాకా ఒక్క తీరుగా ఉన్నాయి. నీ మనిషి నా వార్త దొంగిలించిందంటే నీ మనిషే దొంగిలించిందని వాదన. గుమ్మం వెనక అరుణజ్యోతి నక్కి నిలబడి ఉంది. రజని వెళ్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

పోలమ్మ టీ గ్లాసులు తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది.

"నానే సెప్పినాను. ఇద్దరూ నా పిల్లలే. ఒకదానికి సెప్పీసి ఒకదానికి దాస్తే ఆ పాపం నాకెందుకు?"

"ఔర్ బారిష్, మాతాజీ?" అన్నాడు బలరాం. వాన సంగతి కూడా చెప్పాలి కదా అని అతని బాధ.

"వాన సంగతి మీరెవురూ అడగనేదు."

ముందు నవ్వింది బలరామే. గ్లాసులో టీ చొక్కా మీద ఒలికింది. ఆ తర్వాత రాజగోపాల్. గుమ్మం వెనక వదినా ఆడపడుచూ ఒకరి మీద ఒకరు వాలిపోయారు. డ్యూటీకి బయలుదేరుతున్న సూర్యప్రకాష్ ఎవరూ అడక్కుండానే వాతావరణం బాగుందని చెప్పి సైకిలెక్కాడు.

జరిగింది జరిగినట్టు చెప్పాల్సిందేనని రజని పట్టుబట్టింది. పరువు పోతుందని రాజగోపాల్ గింజుకున్నాడు. పోవడానికి ఏం మిగిలిందని ఆమె అడిగింది. ఆ సాయంత్రం నీలం దుప్పటి ముందు కూర్చుని, నిన్న మేం జరిగిందన్న సభ జరగలేదని గంభీరంగా మొదలుపెట్టింది. జ్యోతి వెలగలేదు, దండ పడలేదు. శామియానా కొళాయిల మీద పడింది, పులిహోర... అక్కడ గొంతు తప్పింది. "పులిహోర ఆవులు స్వీకరించాయి" అనేసరికి నవ్వు తన్నుకొచ్చింది. ఆపబోతే ముక్కులోంచి వచ్చింది. మళ్లీ తియ్యడానికి వేళ లేక ఉదయ్‌కుమార్ దాన్నలాగే వదిలాడు. ఎదురు వరసలో బలరాం ఛానల్లో అరుణజ్యోతి కూడా సరిగ్గా ఆవుల దగ్గరే కూలిపోయింది. అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు వీధి దాటి పరిగెత్తి, రెండూ చూసి వచ్చారు.

ఇక వేళ మార్చే ఉత్సాహం ఎవరికీ లేక, వార్తలు మళ్లీ ఏడింటికే వచ్చాయి. చలికాలం వచ్చేసరికి రాయపూర్ నుంచి ఒక పెద్ద కంపెనీ లావుపాటి తీగలతో దిగబోతోందని తెలిసింది. ఒంటరిగా ఉంటే ఇద్దరూ మునుగుతారని రాజగోపాల్, బలరాం చేతులు కలిపారు. ఒకే ఛానలు, ఒకే వార్తలు. ఇద్దరిలో ఎవరు చదవాలో తేల్చే ధైర్యం మాత్రం ఇద్దరికీ లేదు. మీ ఇంట్లోనే తేల్చుకోండని చెప్పి వెళ్లిపోయారు.

తేల్చడానికి పెద్ద సేపు పట్టలేదు. కూర్చుని చదవడం తనకి విసుగనీ, మైకు పట్టుకుని ఊరు తిరుగుతాననీ అరుణజ్యోతి అంది. అది ఎప్పుడడుగుతుందా అని రజని చూస్తోంది. తెలుగు తనది, ఊరు ఆమెది.

జనవరిలో మిత్రమండలి సభ మళ్లీ పెట్టారు. ఎండ నిర్మలంగా కాసింది. గురునాథరావు గారు అక్టోబరు ఉపన్యాసం, జనవరి ఉపన్యాసం కలిపి చేశారు. అరుణజ్యోతి మైకుతో జనంలో తిరిగి, టేపు పట్టుకుని స్టూడియోకి పరిగెత్తుకొచ్చింది. రజని ఈసారి టేపు లేకుండా నేరుగా చదువుతుండగా ఆ బొమ్మ వేశారు. పులిహోర ఆకు చేత్తో పట్టుకుని పోలమ్మ తెర నిండా కనిపించింది. సభ ఎలా జరిగిందమ్మా అని కూతురు అడుగుతోంది.

పోలమ్మ కెమెరా వైపు ఒకసారి, కూతురి వైపు ఒకసారి చూసింది.

"ఏడింటికి టీవీలో సెప్తారు కదా. సూసి అప్పుడు సెప్తాను."

బొమ్మ మళ్లీ రజని మీదికి వచ్చింది. ఆమె చేతిలో తర్వాతి వార్త ఉంది, రేపు సెక్టర్ 7లో పైపుల మరమ్మతు. చదవడానికి మూడుసార్లు నోరు తెరిచింది. కెమెరా వెనక అరుణజ్యోతి నోట్లో కొంగు కుక్కుకుని నేల మీద కూర్చుండిపోయింది. మర్నాడు నీళ్లు ఎప్పుడొస్తాయో సెక్టర్ 7లో ఒక్కరికీ తెలియలేదు. అడగడానికి కూడా ఎవరూ రాలేదు.